కచేరీ టిక్కెట్టు – గాయకుని ఋణము

ధనుర్మాసము ప్రవేశించినతోడనే చెన్నపురి సభామందిరముల వాకిళ్లయందు ఒక వివాదము ఏటేట తలయెత్తుచుండును. వందల రూపాయలు, పేరుపొందిన మందిరములలో ముందు వరుసకైనచో ఒక్కొక్కప్పుడు వేలు, చెల్లించి కూర్చున్న శ్రోత, తారస్థాయిలో గాయకుని కంఠము జీరవోయినను, పల్లవి యెత్తుగడ తాళమున ఒక్క అక్షరము జారినను, తన సొమ్మునకు తగిన ప్రతిఫలము దొరకలేదని యనవచ్చునా? అనవచ్చునని ఒక పక్షము. గానము అంగడి సరకు కాదనియు, మనుష్యకంఠమునుండి యంత్రమువంటి నిర్దుష్టతను కోరువాడు రసికుడే కాడనియు రెండవ పక్షము. కాఫీ చల్లారువరకు సాగు ఈ వాదమునందు ఉభయపక్షములవారును ఒక సంగతిని విస్మరించుచుందురు. ఆ సాయంకాలము పాడబడిన పాటలలో పెక్కు తెలుగు పాటలు. వాదించువారిలో పెక్కుమందికి ఆ భాష రాదు. దోషమనగా స్వరదోషము, తాళదోషము మాత్రమేయని వారు తలంచుటకు ఇదియే కారణము. తెలుగు శ్రోత చెవికి తగులు దోషము వేఱొకటి కలదు. గాయకుని ఋణమును లెక్కించునపుడు మొదట వ్రాయవలసిన పద్దు అదియేయని ఈ వ్యాసమున ప్రతిపాదింపబడుచున్నది.

టిక్కెట్టు కొని పాట వినుట మన సంగీతమునకు పురాతనాచారము కాదు. దేవాలయమున నాదస్వరము మ్రోగినను, రాజాస్థానమున విద్వాంసుడు పాడినను, శ్రోతకును గాయకునకును నడుమ ధనము చేతులు మారెడిది కాదు. దేవస్థానమో, రాజో, జమీందారో, పెండ్లివారో విద్వాంసుని సత్కరించెడివారు. వినవచ్చినవారు వారి యతిథులు. విందునకు వచ్చినవాడు పప్పులో ఉప్పు తగ్గినదని బిగ్గరగా అనడుగదా. మదరాసున సంగీతసభలు వెలసి, చందాదారులును టిక్కెట్టు కొన్నవారును ఒకే కప్పు క్రింద కూర్చుండి వినుట మొదలైన పిమ్మట ఈ మర్యాద మారినది. 1927లో మదరాసున కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సమావేశము ఫలితముగా 1928లో మ్యూజిక్ అకాడమీ ప్రారంభమైనది. అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890–1967) వర్ణముతో ఎత్తుకొని, చిన్న కృతులు పెక్కు పాడి, ఒక పెద్ద కృతియు తనియావర్తనమును ముగిసిన పిమ్మట జావళులు, పదములు, తేలిక పాటలతో ముగించు పద్ధతిని స్థిరపరచిరి. గడియారమునకు లోబడిన పద్ధతి యిది. ఇన్ని రూపాయలకు ఇన్ని గంటలు, ఇన్ని రకములు అని శ్రోత మనసులో లెక్క వేసికొనుటకు వీలైనది దీని తరువాతనే. ఇది నిందగా చెప్పుట కాదు. ఆ పద్ధతియే లేనిచో గానము రాజులతోడను జమీందారులతోడను అంతరించెడిదేమో.

అదే మదరాసులో వీణ ధనమ్మాళ్ (1867–1938) శుక్రవారపు సాయంకాలములందు జార్జిటవునులోని తన యింట వీణ వాయించెడివారు. అచట టిక్కెట్టు లేదు. కాని వచ్చినవారు నోరు మెదపకుండ కూర్చుండవలెను. ఋణపడినవాడు అచట శ్రోత, వైణికురాలు కాదు. టిక్కెట్టు వచ్చి ఈ ఋణసంబంధమును తలక్రిందులు చేసినది.

అంతకంటెను పెద్ద మార్పును గ్రామఫోను తెచ్చినది. పళ్లెము ఒక ప్రక్క మూడు నాలుగు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. ఆ కొద్దిపాటి పాట బాగుగా రానిచో మరల పాడి పట్టుకొనవచ్చును. పిదప అయస్కాంతపు నాడా వచ్చినది. ఒకచోటి తప్పును కత్తిరించి మఱియొకచోటి ఒప్పును అతుకుట సాధ్యమైనది. నేడు గణనయంత్రము అపశ్రుతిని కూడ సవరించి పెట్టుచున్నది. ఇట్లు తీర్చి దిద్దిన పాటను నూఱుమారులు చేతిలోని ఫోనులో విని, దానినే ప్రమాణముగా చెవిలో నిలుపుకొని, శ్రోత మందిరమునకు వచ్చుచున్నాడు. ఆ ప్రమాణము ఏ మనుష్యుడును ఏ సాయంకాలమునను ఒక్క బిగిని అందుకొనినది కాదు. కాగా నిర్దుష్టతను కోరు శ్రోత తన కోరికను టిక్కెట్టు ధరనుండి గాక పళ్లెమునుండియు ఫోనునుండియు నేర్చుకొనినాడు.

ధనప్రసక్తి వచ్చినది గనుక త్యాగరాజస్వామిని (1767–1847) తలంపక తప్పదు. తంజావూరు ప్రభువు శరభోజి పంపిన కానుకలను ఆయన నిరాకరించెననియు, ‘నిధి చాల సుఖమా’ యను కృతి ఆ సందర్భమున వెలసెననియు సంప్రదాయము చెప్పుచున్నది. ఉంఛవృత్తితో జీవించిన ఆయన సృష్టిని మెత్తని కుర్చీల మందిరములో ధనమిచ్చి వినుట వింతగా తోచును. ఈ వింతను ఎత్తిచూపి కచేరీవారిని ఎగతాళి చేయుట సులభము. కాని వేఱొక సంగతి గూడ జ్ఞాపకముంచుకొనవలెను. తిరువైయ్యారులో స్వామి సమాధి శిథిలమై పొదలలో మఱుగుపడియుండగా, 1920వ దశకమున ఆ స్థలమును సంపాదించి మందిరము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878–1952). మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టి, మదరాసున స్థిరపడి, కచేరీలు చేసి గడించిన ధనమును ఆమె అందుకు ధారపోసినది. స్త్రీలు సమాధికడ పాడరాదను కట్టుబాటు నడచిన దినములవి. ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో ప్రకటించినదియు ఈమెయే. కచేరీ సొమ్మే ఆ గుడి గోడలు లేపినది. కనుక ధనము సోకుటచేతనే గానము మైలపడినదను మాట నిలువదు. ధనము పుచ్చుకొన్నవాడు ఏమి ఇయ్యవలెననునదియే ప్రశ్న.

దీనికి సంగీతశాస్త్రమే ఒక కొలబద్ద నిచ్చుచున్నది. మన సంగీతమున కల్పితమని, మనోధర్మమని రెండు భాగములు. వర్ణము, కృతి, పదము, జావళి పూర్వులు నిర్మించి యిచ్చినవి. ఆలాపన, నెరవు, కల్పనస్వరము గాయకుడు అప్పటికప్పుడు పుట్టించునవి. ఈ రెండింటియందును పొరపాటునకు ఒకే విలువ కట్టుట అన్యాయము. తోడిలో ఆలాపన చేయుచు గాయకుడు తాను ముందెన్నడు త్రొక్కని దారి త్రొక్కి, గాంధారముకడ తడబడి, తిరిగివచ్చి, రెండవమారు దానినే సాధించినచో విన్నవాని అదృష్టమే అదృష్టము. తడబాటు లేని ఆలాపన కావలెనన్నచో నిన్న పాడినదానినే నేడును పాడవలెను. అపుడది మనోధర్మము గాక కంఠపాఠ మగును. తాళపు లెక్క తప్పి, స్వరముల ముగింపు సమమునకు రాక, గాయకుడు చిఱునవ్వు నవ్వి మరల ఎత్తుకొనగా సభ చప్పట్లు కొట్టుట తఱచుగ చూచునదే. ఆ చప్పట్లు తప్పునకు కావు, తెగువకు.

శార్ఙ్గదేవుడు పదుమూడవ శతాబ్దమున సంగీతరత్నాకరమును రచించుచు గాయకదోషములను ఇరువదియైదింటిని లెక్కించెను. వానిలో అపస్వరము ఉన్నది. కాకివలె కఱకుగా పాడుటయు ఉన్నది. కన్నులు మూసికొని పాడుట గూడ దోషమే యని ఆయన పట్టికలో ఉన్నది. నేటి వేదికలమీద ఎందఱు ఈ పరీక్షకు నిలుతురో పాఠకులే ఊహింపవచ్చును. ఇచట గమనింపదగినవి మూడు. భయపడుచు పాడువాడు భీతుడు, అతడు దుష్టగాయకుడు. మనసు పెట్టక పాడువాడు అనవధానుడు, అతడును అట్టివాడే. అక్షరములు తెలియకుండ పాడువాడు అవ్యక్తుడు, అతడును అంతే. ధర చెల్లించితిని గనుక ఒక్క తప్పైనను సహింపనని శ్రోత హుంకరించినచో గాయకునకు కలుగునది భయము. ఒక దోషమును తొలగింపబోయి మఱియొక దోషమును కొని తెచ్చుకొనుటయే యిది. అనవధానము అట్టిది కాదు. ఒకే వారమున నాలుగు సభలలో పాడ నొప్పుకొని, సాధన లేక, అలసిన గొంతుతో వేదిక నెక్కినవాడు శ్రోతకు ఋణపడియే యున్నాడు. ఇచట టిక్కెట్టు కొన్నవాని కోపము ధర్మకోపము. ఇక మిగిలినది అవ్యక్తము. దానిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

అంతకు ముందు ఒక్క మాట. 2020 డిసెంబరులో కోవిడ్ వ్యాధి కారణముగా చెన్నపురి సభలు కచేరీలను ముందుగా చిత్రించి అంతర్జాలముద్వారా వినిపించినవి. ధ్వని స్వచ్ఛముగా ఉండెను. దగ్గువాడు లేడు, పట్టుచీరల సవ్వడి లేదు. నిర్దుష్టత కోరువారికి అంతకంటె ఏమి కావలెను? అయినను మందిరములు మరల తెఱచినపుడు శ్రోతలు టిక్కెట్టు కొని వచ్చి కూర్చుండిరి. వారు కొన్నది నిర్దుష్టత కాదని దీనివలన స్పష్టము. పాడువాడును వినువాడును ఒకేచోట ఊపిరి పీల్చు గడియను వారు కొనిరి.

వాగ్గేయకారుని పనిలో మాతువు, ధాతువు అని రెండున్నవి. మాతువు మాట, ధాతువు పాట. కల్పితసంగీతమున ఈ రెండును ముందే స్థిరపడియున్నవి. ధాతువునందు శిష్యపరంపరల భేదమువలన కొంత వెసులుబాటు కలదు. ఒక సంగతి ఎక్కువ, ఒక సంగతి తక్కువ. మాతువునందు ఆ వెసులుబాటు లేదు. దాత అని వ్రాసినవాడు దాతయనియే తలంచెను. ‘తాత’ యని పాడినచో అర్థము ముసలివానిమీదికి పోవును. బాలుని ‘పాల’గా పాడినచో పసివాడు పాలైపోవును. ఇవి కల్పించి చెప్పు హాస్యములు కావు. తమిళలిపి స్వభావమునుండి నియమముగా పుట్టు దోషములు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరము. తమిళుల ఉచ్చారణలో పదాదిని పరుషము, అచ్చుల నడుమ సరళము పలుకుట సహజము. అందుచేత పదము మొదట ఉన్న ‘గ’ ‘క’ యగును. నడుమ ఉన్న ‘త’ ‘ద’ యగును. గుణము ‘కుణము’ అగుట మొదటిదానికి ఉదాహరణము. పతి ‘పది’ యగుట రెండవదానికి. ప్రభువును పిలువబోయి అంకెను పిలిచినట్లగును!

ఈ చిక్కును తమిళ విద్వాంసులు ఎఱుగక పోలేదు. తమిళలిపిలో అచ్చైన కీర్తనల పుస్తకములలో అక్షరము ప్రక్కన 2, 3, 4 అను అంకెలను చిన్నవిగా వేసి, ఇది రెండవ కకారము, ఇది మూడవదని సూచించు ఏర్పాటు చాలకాలమునుండి కలదు. తెలుగు పిల్లవాడు ‘ఘ’ను వ్రాయుటకు ఒక్క అక్షరము చాలును, తమిళ విద్యార్థికి అక్షరము, అంకె రెండును కావలెను. ఇంత శ్రమ తీసికొని మన పాటను నేర్చుకొనువారిని చూచి నవ్వుట మర్యాద కాదు. కాని అంకె ఉన్నను చూడనివాడు, గురువు చెప్పినను వినిపించుకొననివాడు వేఱు. అతని విషయమున ఉపేక్ష తగదు.

కన్నడలిపి మనలిపికి తోబుట్టువు గనుక కర్ణాటక గాయకులకు ఈ బాధ లేదు. వారికి దంత్యములైన చ, జ లతో చిక్కు. పైన చెప్పిన ‘నిధి చాల సుఖమా’ యందలి ‘చాల’ మొదటి అక్షరము తెలుగునోట దంత్యముగా పలుకబడును. కన్నడిగుని నోట అది తాలవ్యమగును. కొందఱు తమిళుల నోట ‘సాల’ యగుట గూడ కలదు. అర్థము చెడదు. కాని వినువానికి ఇది తన యింటి మాట కాదని తోచును. ఇట్టి చిన్న దోషమును పట్టుకొని వేధించుట అరసికత యని ఒప్పుకొనవలెను.

అసలు అపాయము అక్షరముకడ కాదు, విఱుపుకడ. ‘రాకుండునా’ యను మాటను తీసికొనుడు. రాకుండ ఉండునా, తప్పక వచ్చునని దీని భావము. తాళపు అవసరముకొఱకు ‘రాకు’ అని ఆగి, ఒక ఆవర్తము సాగదీసి, ‘ఉండునా’ యని ముగించినచో భక్తుడు దేవుని రావలదని శాసించినట్లగును! ‘మరువకుమా’ యనుదానిని ‘మరువ’కడ విఱిచినచో నిషేధార్థము గాలిలో కలియును. కృతిని ఒక్కమారు పాడి విడిచినపుడు ఇది క్షణమాత్రము. నెరవులో అట్లు కాదు. ఒకే పాదమును ఎనిమిదిమారులు, పదిమారులు, త్రిప్పి త్రిప్పి పాడుదురు. ఏ పాదమును నెరవునకు ఎన్నుకొనవలెను, ఎచట విఱువవలెను అనుట అర్థము తెలిసినవానికే సాధ్యము. నెరవు మనోధర్మమే గదా, దానియందు తప్పు క్షంతవ్యమని పైన చెప్పలేదాయని ఎవరైన అడుగవచ్చును. నెరవులో మనోధర్మము ధాతువునకు మాత్రమే. మాతువు అచటను కల్పితమే. దానిని ముందుగనే, ఇంటివద్దనే, తీరికగా, అర్థము అడిగి తెలిసికొనవచ్చును. తార షడ్జము ఏనాటి గొంతునుబట్టి ఆనాటిది. మాట అర్థము నాడును నేడును ఒక్కటియే. జలుబు చేసినవాడు గూడ ‘దాత’ యని పలుకగలడు.

ఇది అజాగ్రత్త, సాహసము కాదు. టిక్కెట్టు కొన్నవాడు నిస్సంశయముగా అడుగదగిన ఋణము ఇదియొక్కటే.

ఇటీవల గాయకులు పలక వంటి విద్యుత్పరికరమును ఎదుట నిలుపుకొని సాహిత్యమును చూచి పాడుట పరిపాటియైనది. దీనిమీదను రసికులలో తర్జనభర్జన. కంఠస్థము చేయనివాడు వేదిక నెక్కుట టిక్కెట్టునకు అవమానమని కొందఱు. మఱచి మ్రింగుటకంటె చూచి సరిగా పాడుట మేలని కొందఱు. రెండవ మాటయే యుక్తమని తోచును. పదిమంది యెదుట పద్యము చదువు పండితుడు పుస్తకమును చూచుట తప్పు కాదు. అయితే నెరవు పాడు పాదముకడ గూడ కన్నులు ఆ పలకమీదనే ఉన్నచో, ఆ పాదము అతని హృదయమున లేదని శ్రోతకు వెంటనే తెలిసిపోవును.

ఈ దోషమును తమిళులకే అంటగట్టుట అన్యాయము. తెలుగుగడ్డమీద పుట్టి తెలుగులో కలలు కను గాయకులలో గూడ వేగముకొఱకు మాటలను మ్రింగువారు లేకపోలేదు. వారికి క్షమాపణ లేదు. ఇక కృతజ్ఞత మాట. త్యాగరాజకృతులు నేటికి నిలిచినది ఎవరివలన? వాలాజాపేట వేంకటరమణ భాగవతులు ఇంట సౌరాష్ట్ర భాష మాటలాడినవారు. గురువు పాటలను వ్రాసి భద్రపఱచిరి. తిల్లైస్థానము, ఉమయాళపురము శిష్యులు కావేరీతీరపు తమిళ దేశమున ఆ గానమును నిలిపిరి. మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారికడ నేర్చిన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు దానిని కృష్ణాతీరమునకు తెచ్చిరి. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు. వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016). తెలుగుపాట తెలుగుదేశమునకు కావేరినుండి నడచివచ్చినది. ఇంకొక సంగతి. త్యాగరాజస్వామి తెలుగు తంజావూరి తెలుగు. ఆ సీమలో నాయకరాజుల కాలమునుండి వ్యవహరించిన భాషకు తన పోకడలు తనకు కలవు. గోదావరి ఒడ్డున లేని మాట వినబడగానే గాయకుడు తప్పినాడని తీర్పు చెప్పువారు కొన్నిచోట్ల గాయకుని కాదు, స్వామినే తప్పుపట్టుచున్నారు.

తమిళ శ్రోతల వేదన గూడ ఈ సందర్భమున విస్మరింపరానిది. 1943లో రాజా అణ్ణామలై చెట్టియారుగారు మదరాసున తమిళ ఇశై సంఘమును నెలకొల్పినపుడు వినవచ్చిన వాదము, తమకు అర్థము కాని భాషలో పాటలన్నియు సాగుచున్నవని. దానిని తెలుగుమీది ద్వేషముగా ఆనాడు భావించిన మనవారు కలరు. నిదానించి చూడగా అది శ్రోత న్యాయముగా కోరదగినదే. పాటలో మాట ఉన్నది, ఆ మాట తనకు అందవలెనని. తెలుగువాడు నేడు అడుగుచున్నదియు అదియే. తమిళుడు తన మాటను అడిగెను; తెలుగువాడు తన మాట చెడకుండ ఉండవలెనని అడుగుచున్నాడు.

ధర పెరిగినకొలది శ్రద్ధ పెరుగునను నమ్మకము ఎంత నిలుచునో చూచుటకు తంజావూరు సీమలోని మెలట్టూరునకు పోవలెను. అచట నృసింహజయంతి ఉత్సవమున భాగవతమేళ నాటకములు ఆడుదురు. మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారు రచించిన తెలుగు నాటకములవి. ఆడువారు పురుషులు, తరతరములుగా తమిళ దేశమున స్థిరపడిన కుటుంబములవారు, వీధులలో మాటలాడునది తమిళము. ప్రహ్లాదచరిత్రమును వారు నరసింహస్వామికి మ్రొక్కుబడిగా ఆడుదురు. దీనిని టిక్కెట్టు కొని చూచువాడు కాదు, స్వామియే చూచుచున్నాడని వారి విశ్వాసము. ధనము లేనిచోట ఋణము తగ్గలేదు. అప్పిచ్చినవాడు మాఱినాడు, అంతే. తిరువైయ్యారు ఆరాధనయందు పంచరత్నకృతులను గుంపుగా పాడునపుడు గూడ టిక్కెట్టు లేదు. మహావిద్వాంసుని ప్రక్కన నిన్న మొన్న నేర్చినవాడు కూర్చుండి గొంతు కలుపును. అచట తప్పులు లేవని ఎవరును అనరు, అడుగువాడును లేడు.

సభలవారి ఋణము వేఱు. దీనిని గాయకుని ఖాతాలో వ్రాయరాదు. 2023 సెప్టెంబరు 10న చెన్నపురి వెలుపల తూర్పుతీరపు రహదారి ప్రక్కన ఏ. ఆర్. రహమాన్ గారి కచేరీ జరిగినపుడు, టిక్కెట్టు కొన్నవారిలో అనేకులు జనసమ్మర్దమువలన లోనికి పోలేక వెనుదిరిగిరి. టిక్కెట్టు ప్రతిని పంపినచో తగిన విధముగా సరిచేయుదునని రహమాన్ గారే ప్రకటింపవలసివచ్చినది. ఆ రాత్రి మండిపడినవారు అపశ్రుతిని గూర్చి మండిపడలేదు; ద్వారము దాటలేకపోతిమని మండిపడిరి. శాస్త్రీయసంగీత సభలలో ఈ అల్లరి లేదు గాని, మైకు అరచుట, మృదంగము మాటను ముంచివేయుట తఱచు. గాయకుడు ఎంత స్పష్టముగా పలికినను మాట మూడవ వరుస దాటదు. అట్టిచోట అవ్యక్తదోషము ధ్వనియంత్రము నడుపువానిది.

శ్రోత ఋణముల పట్టికయు చిన్నది కాదు. తనియావర్తనము మొదలుకాగానే లేచి క్యాంటీను దారి పట్టువాడు మృదంగవిద్వాంసునకు ఏమి బాకీపడినాడు? మార్గళి సభల దోసెలకును కాఫీకిని ఉన్న కీర్తి కొన్ని కచేరీలకు లేదనుట నిజమే. అయినను ముప్పదియేండ్లు సాధన చేసినవాని పదినిమిషముల పనికి వీపు చూపి పోవువాడు, తిరిగివచ్చి గాయకుని ఒక అపస్వరమును పట్టుకొని నిలదీయుట సాహసమే.

బరంపురము మొదలు యానాము వరకు పౌరాణికనాటకములు చూచిన పెద్దలకు ఒక సంగతి అనుభవవేద్యము. పాండవోద్యోగములో కృష్ణవేషధారి పద్యమున ఒక్క మాట తప్పినచో నేలమీద కూర్చున్నవాడే అందించెడివాడు. ఎక్కువ టిక్కెట్టు కొన్న కుర్చీలోనివాడు కాదు, నేల టిక్కెట్టువాడు. పద్యము సభకంతటికి నోటికి వచ్చును గనుక నటుడు జాగరూకుడై యుండెను. బెంగుళూరులో 1939నుండి జరుగుచున్న చామరాజపేట రామనవమి కచేరీలకు గూడ పందిరి వెలుపల నిలిచి వినువారు ప్రసిద్ధులు. మాటను కాపాడినది టిక్కెట్టు ధర కాదు, తెలిసిన చెవి.

ఆ చెవి నేడు పలుచబడుచున్నది. తమిళనాట తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబములలో చదువను వ్రాయను రానివారు తరతరమునకు పెరుగుచున్నారు. 2006నాటి చట్టము తమిళమును ఒకటవ తరగతినుండి క్రమముగా పదవ తరగతివరకు నిర్బంధము చేసినది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థుల విషయము న్యాయస్థానములకు ఎక్కినది. తమిళదేశమున ఉన్న బాలుడు తమిళము నేర్చుట యుక్తమే. కాని తెలుగు అక్షరము రాని తెలుగు బాలుడు పెరిగి, ధనము గడించి, ముందు వరుస టిక్కెట్టు కొన్ననాడు, ‘తాత’ విన్నను ‘దాత’ విన్నను అతనికి ఒక్కటియే యగును. అపుడు గాయకుడు ఎవరికి జంకును?

సభలవారు చేయదగిన పని యొకటి కలదు. కచేరీలో ప్రధానముగా పాడబోవు రెండు మూడు కృతుల సాహిత్యమును తెలుగులిపిలోను, అంకెలతో కూడిన తమిళలిపిలోను, కన్నడదేశమునందైనచో కన్నడలిపిలోను అచ్చొత్తి, క్రింద నాలుగు పంక్తులలో అర్థము వ్రాసి, టిక్కెట్టుతోపాటు శ్రోత చేతికి ఈయవచ్చును. ఏ పాట పాడుదునో ముందుగా చెప్పుట మనోధర్మమునకు ఆటంకమని కొందఱు విద్వాంసులు అభ్యంతరము చెప్పుదురు; ప్రధానకృతి యేదో వారము ముందు నిశ్చయించుకొననివారు అరుదు గనుక ఆ యభ్యంతరము నిలువదు. విఱుపులు గుర్తించి, అర్థము వ్రాసి యిచ్చుటకు ప్రతి పట్టణమునను తెలుగు పాఠశాలల ఉపాధ్యాయులు మిగిలియే యున్నారు. సాయంకాలములు వారికి తీరిక. ఆ కాగితమునకు అగు ఖర్చును టిక్కెట్టు ధరలో కలిపినను ముందు వరుసవారు గుర్తింపరు.